తెల్లవార్లు మార్కు వత్తులు

అయిదో పోగు కలిపి అరచేత్తో ఒక్క తిప్పు తిప్పేసరికి వత్తి బిగిసింది. నాగరత్నమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. మొన కొంచెం లావుగా ఉందనిపించి, విభూతి అద్దిన వేళ్ళతో మళ్ళీ ఒకసారి నలిపి, పళ్ళెంలో మిగిలినవాటి పక్కన పడుకోబెట్టింది. అప్పుడు ఫోను వైపు చూసింది. మోగలేదు. మోగితే వినపడకుండా ఉండదు, అయినా చూసింది.

తీర్థకట్ట వీధిలో పూజసామాన్ల అంగడి పైనున్న ఆ గదికి కిటికీ ఒక్కటే. దాని కింద గోడకు ఆనుకుని ఆమె చోటు. నలభై ఏళ్ళుగా ఆనీ ఆనీ గోడ సున్నం ఆమె వీపంత మేర నున్నగా నల్లబడిపోయింది. కుడికాలు మడిచి, ఎడమకాలు చాపి, చీరను మోకాలి దాకా ఎగదీసి కూర్చుంటుంది. ఎడమచేత్తో పత్తిని భుజం ఎత్తుదాకా లాగుతుంది. కుడి అరచేత్తో ఆ పోగును మోకాలి కింద పెట్టి మడమ వైపు దొర్లిస్తుంది. అరచెయ్యి నడిచే ఆ జానెడు చోట వెంట్రుక మొలవడం ఎప్పుడో మానేసింది. చర్మం అరిగి, తోమిన చెంబు అడుగులా మెరుస్తుంది. చెక్క మీద దొర్లిస్తే పోగు జారుతుందనీ, ఒంటి వెచ్చన తగిలితేనే పత్తి మాట వింటుందనీ పెద్దాయన శేషసాయి చెప్పేవాడు. పెద్దాయన పోయి పద్నాలుగేళ్ళయింది. ఆ గదిలో ఒకప్పుడు ఆరుగురు ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఇప్పుడు వత్తులు చేసేది ఈమె ఒక్కతే. ఎదుటిమూల నిస్సీ అనే పిల్ల పెట్టెల్లో సర్దుతుంది.

ఫోను ఒక గుడ్డసంచి మీద ఉంది. సంచిలో మెరూన్ అంచు నగరి చీర, జాకెట్టు, కాగితంలో చుట్టిన మూడు మూరల మల్లెపూలు ఉన్నాయి. ఈరోజు సాయంత్రం చంద్రగిరిలో ఆమె తమ్ముడు మునిశేఖర్ కూతురికి నిశ్చితార్థం. వారం కిందట ఆ పిల్ల భువనేశ్వరే ఫోను చేసి, "శుక్రవారం సాయంత్రం ఐదింటికి అత్తా. నాయన నీకు చెప్తాడులే," అంది. నాయన ఇంకా చెప్పలేదు. వాళ్ళ ఇళ్ళల్లో నిశ్చయమైన పిల్లకు మొదటి పూలు తురిమేది మేనత్త. ఆ పూలు తురిమినాకే మిగిలినవాళ్ళు అక్షింతలు వేస్తారు. పిలుపు వస్తే బస్సెక్కడానికి అరగంట చాలు. మూడున్నరకు వచ్చినా చాలు. నాలుగింటికి వచ్చినా, ఆటోలో పోతే అందుకోవచ్చు. పొద్దున్నుంచి ఆమె ఇలా గంటల్ని వెనక్కి జరుపుకుంటూ ఉంది.

"ఛార్జింగు ఉండాదా సూడు పెద్దమ్మా," అంది నిస్సీ.

"ఉండాది. పొద్దున్నే సూసినా."

"నువ్వే చెయ్యరాదా?"

"పిలవని పేరంటానికి నేనే అడుక్కుని పోవాల్నా? ఆడపడుచునే నేను," అంది నాగరత్నమ్మ. తర్వాత ఒక పోగు లాగి, "వాడికి పనులుంటాయిలే. ఒక్కడే కదా," అంది.

ఆమె ఎడమభుజం మళ్ళీ లాగింది. పొద్దున మెట్లెక్కేటప్పుడే మొదలైంది. వత్తులు చేసేవాళ్ళందరికీ అది మామూలే. ఎడమచెయ్యి రోజంతా పత్తిని పైకి సాగదీయడం వల్ల భుజంలో పుట్టి మోచేతి దాకా దిగుతుంది. చెయ్యిలాగుడు అంటారు. నువ్వులనూనెలో కర్పూరం వేసి కాచి రుద్దుకుని, కిటికీ ఊచ పట్టుకుని కాసేపు నిలబడితే సర్దుకుంటుంది. నాగరత్నమ్మ లేచి ఊచ పట్టుకుని నిలబడింది. కింద వీధిలో గుండ్లు కొట్టించుకున్న యాత్రికులు తలలకు గంధం పూసుకుని గుంపుగా పోతున్నారు. నొప్పి తగ్గలేదు. వచ్చి కూర్చుని మళ్ళీ పత్తి అందుకుంది.

పదకొండింటికి సంపత్కుమార్ పైకి వచ్చాడు. పెద్దాయన కొడుకు. అంగడి ఇప్పుడు అతనిదే. నామం దిద్దిన నుదుటి మీద చెమట తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడి, "రత్నమ్మక్కా, ఈరోజు ఇంకొక వీడియో తీద్దాం," అన్నాడు.

నాగరత్నమ్మ చెయ్యి ఆగింది. "వద్దు సామీ."

"మొహం రాదులే ఈసారి. కాలు, చెయ్యి, పక్కన పెట్టె. ఒక్క నిమిషం."

"మొదటిది తీసెయ్యమంటే తీయకపోతివి. ఇంకొకటా?"

"తీసేస్తే మాత్రం యాడికి పోతుందక్కా? వాడూ వీడూ దించుకుని వాళ్ళ పాటలు పెట్టుకుని తిప్పతా ఉండారు. నా చేతిలో ఉండాదా ఏమన్నా?"

"నీ చేతిలో ఉండేదొకటి ఉండాది కదా. అదన్నా తీసెయ్యి. తీసేసినారని మా మునిశేఖరుకు చెప్పుకుంటా."

సంపత్ పెట్టెల వరుస చూశాడు. బెంగుళూరుకు నలభై, హైదరాబాదుకు అరవై. కొనేవాళ్ళు దీపం పెట్టుకునేవాళ్ళు కాదు. పెళ్ళికొడుకులకు కానుకగా ఇచ్చి, పెట్టె మీది పేరు చదివి నవ్వుకునే స్నేహితులు. ఆ సంగతి గదిలోని ముగ్గురికీ తెలుసు.

ఆ పేరు పెద్దాయన పెట్టింది. ఆయన భార్యకు తొలికాన్పు నొప్పులు వచ్చినప్పుడు గాలివానకు కరెంటు పోయింది. పురిటిగదిలో ప్రమిద రెండుసార్లు ఆరిపోయింది. మంత్రసాని కసిరింది. ఆయన వసారాలో కూర్చుని, అయిదు పోగులు కలిపి తన పిక్క మీదే ఒక వత్తి చేసి లోపలికి పంపాడు. అది తెల్లవార్లూ వెలిగింది. ఆ వెలుతురులోనే ఆడబిడ్డ పుట్టింది. తర్వాత అవే వత్తులు చేయించి అమ్మడం మొదలుపెట్టినప్పుడు 'తెల్లవార్లు మార్కు' అని పేరు పెట్టాడు. పెట్టె మీద 'ఒక్కసారి ముట్టిస్తే తెల్లవార్లూ తృప్తి' అని తానే రాశాడు. చిత్తూరు నుంచి వచ్చిన బొమ్మలాయన దీపమూ, పక్కన మోచేతి మీద తల ఆనించి పడుకున్న బాలింతనూ వేశాడు. బిడ్డను వేయడానికి పెట్టెలో చోటు చాల్లేదు. అంగడిలో ఇంకా ఉండేవి, 'కన్నెసిగ్గు కుంకుమ', 'పడకటింటి పరిమళం' సాంబ్రాణి. పెళ్ళికూతుళ్ళ తల్లులు నిండు అంగడిలో గట్టిగా ఆ పేర్లు చెప్పి అడిగి తీసుకునేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏముందో అప్పుడు ఎవరికీ తోచలేదు.

రెండు నెలల కిందట సంపత్ చెబితే నిస్సీ వీడియో తీసింది. నాగరత్నమ్మ వత్తి చేస్తుంటే తీసి, చివర పెట్టెను చూపించింది. అంతే. మూడో రోజుకు పన్నెండు లక్షల మంది చూశారు. బాలింత బొమ్మనూ, పేరునూ, చీర ఎగదీసుకుని కూర్చున్న అరవై నాలుగేళ్ళ మనిషి కాలినీ పక్కపక్కన పెట్టి ఎవరెవరో ఏమేమో రాశారు. నాగరత్నమ్మకు చదవడం వచ్చు. ఒకటి చదివింది. 'అవ్వ కాలు చూస్తేనే తెల్లారిపోయింది.' తర్వాత చదవలేదు. ఆ రాత్రి ఇంటికి పోయి, కాలిని సబ్బుతో చాలాసేపు కడుక్కుంది. ఎందుకు కడుక్కుందో ఆమెకే తెలియలేదు.

పది రోజుల కిందట మునిశేఖర్ వచ్చాడు. పైకి రాలేదు. మెట్ల కింద బండి దిగకుండానే, "అబ్బాయోళ్ళు సూసినారక్కా, ఫోనులో. ఆ అమ్మ మీకేమవుతుందని అడిగినారు," అన్నాడు.

"నువ్వేం చెప్పినావు?"

అతను బండి అద్దం సరిచేసుకున్నాడు. "ఆ వీడియో తీపించు. తీపించినాక మాట్లాడుకుందాం," అని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి అతని దగ్గర్నుంచి ఫోను లేదు.

సంపత్ దిగిపోయాక నాగరత్నమ్మ చీర కిందికి లాక్కుని కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత మళ్ళీ ఎగదీసుకుంది. వేరే విధంగా వత్తి చేయడం ఆమెకు రాదు.

ఆమెది నగరి. నాయన గుంటమగ్గం నేసేవాడు. పద్దెనిమిదో ఏట పెళ్ళయింది. భర్తది కూడా మగ్గం పనే. అయిదేళ్ళకు నూలు దొరక్క మగ్గాలు ఆగితే, అతను సూరత్ పోతానని ఏకాంబరకుప్పంలో రైలెక్కాడు. "నెల తిరిగేలోపల వస్తాను," అన్నాడు. రైలు కదిలాక కూడా కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి మాత్రమే ఇప్పుడు గుర్తుంది, మొహం గుర్తు లేదు. నెల తిరిగింది, ఏడు తిరిగింది. పోయాడో ఉన్నాడో తెలియదు కాబట్టి బొట్టు తీయలేదు. ఆ ఏడాదే అమ్మా నాయనా ముందొకరు వెనకొకరు పోతే, పదేళ్ళ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తిరుపతి వచ్చింది. వాడు ఈ గదిలోనే పత్తిబస్తాల మీద బోర్లా పడుకుని ఎక్కాలు చదివాడు. ఇంటరయ్యాడు, డిగ్రీ అయ్యాడు, కాలేజీ ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. చంద్రగిరిలో ఇల్లు కట్టుకుని, "మూడు నెలలు ఆగక్కా, పైన ఒక గది వేస్తాను, నువ్వూ వచ్చేద్దువు," అన్నాడు. గది వేశాడు. అందులో ఎవరో చదువుకునే పిల్లలు బాడుగకు ఉంటున్నారు. నాగరత్నమ్మ కొర్లగుంటలో రేకుల గదిలోనే ఉండిపోయింది. పోయేవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒక గడువు చెప్పి పోతారు. ఉండిపోయేవాళ్ళను తినేది ఆ గడువే.

ఒంటిగంటకు నిస్సీ క్యారియరు విప్పి పిలిచింది. నాగరత్నమ్మ రెండు ముద్దలు పెరుగన్నం తిని మూత పెట్టేసింది. వికారంగా ఉందంది. భుజంలో నొప్పి మోచెయ్యి దాటి చిటికెనవేలి దాకా వచ్చింది.

నిస్సీ కర్పూరం నూనె తెచ్చి వెనక కూర్చుని రుద్దింది. "చెమటలు పట్టినాయే పెద్దమ్మా."

"ఫ్యాను గాలి నాకాడికి రాదు కదా. ఇంకొంచెం గట్టిగా రుద్దు. ఆ, ఆడే."

"ఆస్పత్రికి పోదామా?"

"చెయ్యిలాగుడుకు ఆస్పత్రా? నా పక్కన కూర్చుని చేసిన లీలావతి ముప్పై ఏండ్లు లాగించుకునింది. నీకూ వస్తుందిలే, వత్తులు పట్టుకుంటే." నవ్వబోయింది. ఊపిరి అందక ఆపేసింది. నిస్సీ రుద్దుతూనే, "ఆ వీడియో నేను తీయకుండా ఉండాల్సింది," అని మెల్లగా అంది.

"నువ్వేం చేస్తావు? చెప్పింది చేసినావు. నేనూ అంతే కదా, చెప్పింది చేసినాను."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నాగరత్నమ్మ చప్పున చీర కిందికి లాక్కుని, జుట్టు సవరించుకుంది. వచ్చింది తమ్ముడు కాదు. గురప్ప. తమ్ముడి వీధిలోనే ఉంటాడు, ఆటో నడుపుతాడు. నాగరత్నమ్మ వయసు వాడే. చేతిలో పసుపురంగు సంచి ఉంది.

"రా అప్పా. నన్ను పిల్చకరమ్మన్నాడా?" అంది ఆమె. అప్పటికే గుడ్డసంచి దగ్గరికి లాక్కుంది.

గురప్ప కూర్చోలేదు. "తాంబూలం పంపించినాడు మునిశేఖరు," అన్నాడు.

"తాంబూలమా? ఐదింటికి కదా?"

"సాయంత్రమనే అనుకున్నారు. అబ్బాయోళ్ళు పదిన్నరకు రాహుకాలం వస్తుంది, దానికి ముందే అయిపోనీ అన్నారంట. నిన్న మాపే అనుకుని ఈపొద్దు పొద్దున్నకు మార్చుకున్నారు." గురప్ప ఆమె మొహంలోకి చూసి, "నీకు జరమంట కదా? లేవలేకుండా ఉండాదని చెప్పినాడే మీ తమ్ముడు అందరికీ. నువ్వు చూస్తే పనిలోకి వచ్చేసినావు!" అన్నాడు.

నిస్సీ ఏదో అనబోయింది. నాగరత్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నిన్నంతా కాలిపోయిందప్పా. పొద్దున్నే కొంచెం జారింది. ఇంట్లో ఒక్కదాన్నే పడుకోలేక వచ్చినాను," అంది.

"అదే అనుకున్నా. మొహం పీక్కపోయింది పాపం."

"పిల్ల బాగుండిందా?"

"లక్ష్మీదేవి మాదిరి ఉండింది. పచ్చచీర."

"పూలెవరు తురిమినారు?"

"మునిశేఖరు వదినె. వాళ్ళ పెండ్లాం అక్క." గురప్పకు అప్పుడు ఏదో తట్టినట్టుంది. సంచిని గోడవార పెట్టి, కిరాయి ఉందని గొణిగి దిగిపోయాడు.

గదిలో ఫ్యాను తిరుగుతూ ఉంది. నాగరత్నమ్మ పసుపుసంచిని ముట్టుకోలేదు. అటు చూడను కూడా లేదు. వేళ్ళకు విభూతి అద్దుకుని, అద్దుకున్నది మరిచిపోయి మళ్ళీ అద్దుకుంది. చాలాసేపటికి, "నిస్సీ, వీడియో తీస్తావా?" అంది.

"ఏ వీడియో?"

"సంపత్తు అడిగినాడు కదా. తీసుకో."

"ఇప్పుడొద్దు పెద్దమ్మా."

"ఇప్పుడైతే ఏమి? ఇంకెవరు సూడాలని? మొహం కూడా తీసుకో, నాకేం లేదు." గొంతులో కోపం లేదు. బస్సు పోయాక స్టాపులో కూర్చున్న మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది. "తీస్తే నీకూ ఒక పని అయిపోతుంది. లేకుంటే ఆయన మళ్ళీ నిన్ను తిడతాడు."

నిస్సీ ఫోను తీసింది. తెరలో మొదట మొహం వచ్చింది. అది చూడలేక కిందికి దించింది. ఇప్పుడు తెరలో చాపిన కాలు, నూనె మెరుస్తున్న ఎడమచెయ్యి, ఒళ్ళో పత్తి ఉన్నాయి. ఎడమచెయ్యి పైకి లేచింది. పోగు సాగింది. కుడి అరచెయ్యి మోకాలి కింద నుంచి మడమ దాకా దొర్లింది. రెండో పోగు. అది కొంచెం ఎగుడుదిగుడుగా వచ్చింది, ఆమె సరిచేయలేదు. మూడో పోగు దగ్గర ఎడమచెయ్యి సగం ఎత్తులో ఆగి, బరువైన వస్తువును దించినట్టు మెల్లగా ఒళ్ళోకి దిగింది.

"ఆపొద్దు పెద్దమ్మా. ఇంక రెండు పోగులే," అంది నిస్సీ తెరలోకే చూస్తూ.

కుడి అరచెయ్యి కాలి మీదే ఉంది. కదల్లేదు. నిస్సీ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని, అప్పుడు తల ఎత్తి చూసింది.

నాగరత్నమ్మ తల గోడకు ఆనించి, నోరు కొంచెం తెరిచి, గుమ్మం వైపు చూస్తూ ఉంది. చూడటం లేదు.

ఫోను చేతిలోంచి జారింది. నిస్సీ అరవలేదు. ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఆ కాలిని పాదం దాకా కప్పింది. వేళ్ళు కూడా కనబడకుండా కప్పింది. అప్పుడు అరిచింది.

వెనకవీధి డాక్టరు పది నిమిషాల్లో వచ్చాడు. చెయ్యి పట్టి చూశాడు, కళ్ళు చూశాడు. "పొద్దున్నుంచి ఏమీ చెప్పలేదా? నొప్పి, చెమట, వికారం?" అని అడిగాడు.

"చెప్పింది సార్. అది చెయ్యిలాగుడు. వత్తులు చేసేవాళ్ళకు అందరికీ ఉండేదే. నూనె పెట్టి రుద్దినాను," అంది నిస్సీ. చెబుతూ చెబుతూ తన నూనె చేతుల్ని చూసుకుంది.

డాక్టరు పట్టుకున్న చేతిని మెల్లగా ఒళ్ళో పెట్టి లేచాడు.

సంపత్కుమార్ నాగరత్నమ్మ ఫోనులోంచే మునిశేఖర్‌కు చేశాడు. చాలాసేపు మోగింది. ఎత్తగానే వెనక నవ్వులూ, విస్తళ్ళు తీస్తున్న చప్పుడూ వినిపించాయి.

"అక్కా, సాయంత్రం నేనే వద్దామని..." అన్నాడు మునిశేఖర్ గబగబా.

"అక్క కాదు. నేను సంపత్తును." చెప్పవలసింది నాలుగు మాటల్లో చెప్పాడు.

అవతల తలుపు వేసిన చప్పుడైంది. నవ్వులు తగ్గాయి. ఇప్పుడు అతని గొంతు పత్తిబస్తాల మీద ఎక్కాలు చదివిన పదేళ్ళ పిల్లవాడి గొంతులా సన్నగా ఉంది. "అబ్బాయోళ్ళు ఇంకా ఇంట్లోనే ఉండారు సార్. నాలుగింటికి బయల్దేరతారు. తోరణం కట్టిన ఇల్లు... ఈడికి తీసుకొచ్చేదానికి కాదు. వాళ్ళు పోయినాక వస్తాను. అంతదాకా ఎవరికీ చెప్పాకండి సార్. మా భువనకు కూడా." తర్వాత ఏడుపు మొదలైంది. మొదలవగానే ఫోను ఆగిపోయింది.

నాలుగు దాకా ఆమెను అక్కడే ఉంచారు. కళ్ళు నిస్సీ మూసింది. నాలుగున్నరకు, కొర్లగుంట గదికి తీసుకుపోవడానికి, కింద అంగడిలో పనిచేసే ఇద్దరు దుప్పటిలో పట్టుకుని ఆ ఇరుకు మెట్ల మీద మెల్లగా దింపారు. మలుపు దగ్గర ఒక్కసారి ఆగి, పట్టు మార్చుకున్నారు. నిస్సీ పత్తి తీసింది, పళ్ళెం తీసింది, గుడ్డసంచిని చంకలో పెట్టుకుని వెనకే దిగింది.

గోడవార పసుపురంగు సంచి మిగిలిపోయింది. మీద ఎర్రటి అక్షరాల్లో భువనేశ్వరి పేరూ, దాని పక్కన ఎవరో అబ్బాయి పేరూ ఉన్నాయి. లోపలి కొబ్బరికాయ బరువుకు అది ఒక పక్కకు ఒరిగి, తమలపాకుల తొడిమలు బయటికి కనబడుతూ, కట్టిన దారం కట్టినట్టే ఉంది.